కొత్త ఫోన్‌లో చిన్న లోపమా? మూత మాత్రం తీయనివ్వకండి

పోయిన వారం హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లోనే ఒక రిపేర్ షాపులో కొత్త ఫోన్ అంటుకుంది. డిగ్రీ చదివే పిల్లవాడిది. వాళ్ల అమ్మ చిట్టీ ఎత్తి కొనిచ్చింది, రెండు వారాలు కూడా కాలేదు. ఫోన్‌కు వచ్చిన లోపమల్లా వెనక మూత కింది మూలన గోరు దూరేంత లేచి ఉండటమే. "సర్వీస్ సెంటర్‌లో ఎప్పుడిస్తరో ఏమో, ఇక్కడైతే రెండు వందలకు అంటిస్తరు" అని ఎవరో చెబితే తెచ్చాడు. షాపు అబ్బాయి మూతను హీట్ గన్‌తో వేడి చేసి, పాత జిగురు తీయడానికి సన్నటి స్టీల్ పట్టీ లోపలికి పోనిచ్చాడు. పట్టీ అంచు బ్యాటరీకి తగిలింది. బుస్సుమని చప్పుడు, తెల్లటి పొగ, వెంటనే మంట. అబ్బాయి అరచెయ్యి కాలింది. సర్వీస్ సెంటర్ వాళ్లేమో "బయట తెరిచారు, వారంటీ లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాటకు బదులు చెప్పడానికి ఆ తల్లి దగ్గర ఏ ఆధారమూ లేదు.

నేనూ ఫోన్లు బాగుచేసే పనిలోనే ఉన్నాను. అందుకే ఇది గట్టిగా చెబుతున్నాను. వారంటీలో ఉన్న ఫోన్‌కు ఏ చిన్న లోపం వచ్చినా మా దగ్గరికి తేకండి. తెచ్చినా మూత తీయనివ్వకండి. మాకు పని రాదని కాదు. పని వచ్చిన చేయి తీసినా ఆ ఫోన్ మీద మీ హక్కు ఆ నిమిషంతోనే సగం పోతుంది.

బతుకమ్మ మొదలవుతోంది, దసరా ఆఫర్లు వచ్చేశాయి. ఆ వెంటనే పత్తి పైసలు చేతికొస్తాయి. దీపావళి దాటేదాకా మన దగ్గర కొత్త ఫోన్ల సీజనే. ఏ ఫోన్ కొనాలి, ఏ కార్డు మీద ఎంత తగ్గుతుంది, బిల్లు అడగాలా వద్దా, ఇవన్నీ అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోను.

మూత ఎందుకు తీయకూడదంటే

ఈ రోజుల్లో ఫోన్ వెనక మూత స్క్రూలతో కాదు, జిగురుతో నిలబడుతుంది. నీళ్లు, దుమ్ము లోపలికి పోకుండా ఆపేదీ చాలావరకు ఆ జిగురు వరసే. ఒకసారి వేడి చేసి లేపితే కంపెనీలో వేసినట్టు మళ్లీ పడదు. చూడటానికి అతుక్కున్నట్టే ఉంటుంది గానీ, నీళ్లు తగిలినా ఏమీ కాదన్న ధీమా ఇక లేనట్టే. పైగా లోపల కొన్ని స్క్రూల మీద చిన్న స్టిక్కర్లు, తడి తగిలితే తెలుపు నుంచి ఎరుపుకు తిరిగే గుర్తులు ఉంటాయి. సర్వీస్ సెంటర్‌లో ముందు చూసేది వాటినే. స్టిక్కర్ చిరిగి ఉంటే మీరు చెప్పేది వినేవాళ్లు ఉండరు.

రెండోది బ్యాటరీ. కొత్త ఫోన్‌లో మూత లేచిందంటే జిగురు తక్కువై ఉండొచ్చు, లోపల బ్యాటరీ ఉబ్బి మూతను తోస్తూ ఉండొచ్చు. బయటి నుంచి చూసి ఈ రెండింటిలో ఏదన్నది చెప్పడం కష్టం. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫోన్లు కాలుతున్నాయని వెనక్కి తీసుకున్నారు. బదులిచ్చినవీ కాలాయి, చివరికి తయారీయే ఆపేశారు. 2017 జనవరిలో కంపెనీయే కారణం చెప్పింది. ఒక సరఫరాదారు బ్యాటరీల్లో పైమూలన లోపలి పొరలు వంగాయి, ఇంకొకరి వాటిలో వెల్డింగ్ దగ్గర మొనలు మిగిలాయి. అంత పెద్ద కంపెనీకే నెలలు పట్టిన సంగతిని మన షాపు బల్ల మీద హీట్ గన్‌తో ఐదు నిమిషాల్లో ఎవరూ కనిపెట్టలేరు.

మూడోది సాక్ష్యం. లోపం ఎలా వచ్చిందో అలాగే ఉన్న ఫోనే మీ సాక్ష్యం. మూత తీశారంటే లోపం కంపెనీదా, తీసినవాడిదా అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న ఎప్పుడూ మీకు ఎదురే తిరుగుతుంది. స్పీకర్ గరగరమంటోందనో, కెమెరా అద్దం కింద దుమ్ము చుక్క ఉందనో, పవర్ బటన్ వదులుగా ఉందనో మూత తీయించి, చివరికి మంచి ఫోన్ పోగొట్టుకున్నవాళ్లను మహబూబాబాద్, జనగామ, పరకాల నుంచి వచ్చినవాళ్లలో ఎంతోమందిని చూశాను. అందరిదీ ఒకటే తప్పు. మూత తీయించారు.

ఏది లోపం, ఏది కాదు

కొత్త ఫోన్ ఊపితే కెమెరా దగ్గర టకటకమని చిన్న చప్పుడు వస్తోందని చాలామంది కంగారు పడతారు. చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా ఉండేందుకు కొన్ని ఫోన్లలో లెన్స్ కదిలేలా పెడతారు. ఆ చప్పుడు దానిదే. కెమెరా ఆన్ చేయగానే తగ్గిపోతుంది. అలాగే మొదటి ఒకటి రెండు రోజులు ఫోన్ వేడెక్కి, చార్జింగ్ త్వరగా దిగితే టెన్షన్ పడకండి. పాత ఫోన్ నుంచి ఫొటోలు, యాప్‌లు అన్నీ దిగి సర్దుకునేసరికి అలా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వల్లా వేడెక్కుతుంది. 2023లో ఐఫోన్ 15 ప్రో వేడెక్కుతోందని గోల అయినప్పుడు ఐఓఎస్ 17.0.3 అప్‌డేట్‌తో సరిచేశారు. కాబట్టి ముందు వచ్చిన అప్‌డేట్ వేసి చూడండి. కానీ చార్జింగ్ పెట్టకుండా, ఏమీ వాడకుండా పక్కన పెట్టిన ఫోన్ చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటే అది వేరే సంగతి. ఆపేసి తీసుకెళ్లండి.

నిజమైన లోపాలు దొరికేది మొదటి రోజే, వెతికితేనే. స్క్రీన్ మీద పూర్తి తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలు ఒకటొకటిగా పెట్టి చీకటి గదిలో చూడండి. వెలగని చుక్క, ఎప్పుడూ వెలుగుతూ ఉండే చుక్క, అంచున పసుపు మరక, సన్నటి ఆకుపచ్చ గీత, ఏదున్నా బయటపడుతుంది. ఒక్క చుక్కను కొన్ని కంపెనీలు లోపంగా లెక్కపెట్టవు. అయినా మార్చే గడువులో ఉన్నప్పుడు అడగండి, గడువు దాటాక అడిగినా దండగే. ఒక యాప్ గుర్తును పట్టుకుని స్క్రీన్ అంతా మెల్లగా లాగండి, ఎక్కడైనా ఆ గుర్తు వేలి కింద నుంచి జారిపోతే అక్కడ టచ్ పనిచేయడం లేదు. కాల్ మాట్లాడి అవతలివాళ్లకు మీ గొంతు ఎలా వినిపిస్తోందో అడగండి. చార్జర్ పిన్ పెట్టి కొంచెం కదిపి చూడండి. సిమ్ ట్రే అంచుతో సమంగా కూర్చోవాలి.

ఇదంతా గ్లాస్ వేయించకముందే చేయాలి. మన దగ్గర ఫోన్ పెట్టెలోంచి తీయగానే మొదటి పని గ్లాస్. అందులోనూ వంపు స్క్రీన్లకు ద్రవం పోసి, నీలి లైటు పెట్టి గట్టిపరిచే గ్లాస్ వేస్తున్నారు. ఆ ద్రవం స్పీకర్ జాలీలోకి, బటన్ల సందుల్లోకి పారితే అక్కడే గడ్డకడుతుంది. కొన్ని కంపెనీలు ఇలాంటి గ్లాసులు వాడొద్దని, వారంటీ పోవచ్చని బహిరంగంగానే చెప్పాయి. ముందునుంచీ ఉన్న స్పీకర్ లోపం కూడా అప్పుడు మీ నెత్తిమీద పడుతుంది.

లోపం కనిపించాక

ఆ రోజే వీడియో తీయండి. ఫోన్‌లో *#06# నొక్కితే ఐఎంఈఐ నంబర్, అంటే ఒక్కో ఫోన్‌కు వేరుగా ఉండే గుర్తింపు నంబర్ వస్తుంది. పెట్టె మీద, బిల్లు మీద అదే ఉందో లేదో చూడండి, వీడియోలో మూడూ కనిపించాలి. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి మార్చే గడువు చాలాసార్లు వారమే, పండుగ రోజులు అందులోనే కరిగిపోతాయి. సద్దుల బతుకమ్మ అయ్యాక చూద్దాం, దసరా అయ్యాక చూద్దాం అనకండి. గడువు దాటినవాళ్లే ఎక్కువగా మా దగ్గరికి వస్తారు, మూత తీయిస్తారు.

పెట్టె తెరిచిన కొత్తలోనే పాడైన ఫోన్‌కు సర్వీస్ సెంటర్ ఆ సంగతి కాగితం మీద రాసిస్తే, చాలా కంపెనీలు బాగుచేయడం కాకుండా ఫోన్‌నే మారుస్తాయి. ఆ కాగితం అడగండి. "ఇది నార్మలే" అని నోటితో అంటే వదలకండి, జాబ్ షీట్ మీద, అంటే ఫోన్ తీసుకున్నప్పుడు లోపం రాసి ఇచ్చే కాగితం మీద రాయమనండి. రాయడానికి వెనకాడితే విషయం మీకే అర్థమవుతుంది.

పక్కకు నెట్టేస్తే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని ఆన్‌లైన్‌లో అమ్మినవాళ్లు అనడానికి వీల్లేదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. అయినా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు. కంపెనీ ఆఫీసు గురుగ్రామ్‌లో ఉందా, బెంగళూరులో ఉందా అన్నది మీకు అక్కర్లేదు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ల దాకా సమయం ఉంది. కానీ అక్కడా అడిగేది అదే: ఈ ఫోన్ బయట ఎవరైనా తెరిచారా?

ఇక మిగిలినవి, వరసగా:

మూత లేచిన ఫోన్‌ను వేళ్లతో నొక్కకండి. రబ్బరు వేసి కట్టకండి, కవర్ తొడిగి బిగించకండి. లోపల ఉబ్బింది బ్యాటరీయే అయితే నొక్కడమే ప్రమాదం.

ఉబ్బిన ఫోన్‌ను చార్జింగ్ పెట్టకండి. కొరియర్‌లో పంపకండి. చేత్తో తీసుకెళ్లండి.

ఫెవిక్విక్ వాడకండి.

సిమ్ పిన్ దాని రంధ్రంలోనే పెట్టండి. పక్కనున్న సన్న రంధ్రం మైక్‌ది. పొడిస్తే మైక్ పోవచ్చు, అది కంపెనీ లోపం కాదు.

స్పీకర్‌లో సూది పెట్టకండి. గాలి కొట్టించకండి.

వీడియో తీయకముందు ఫ్యాక్టరీ రీసెట్ (ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేయడం) చేయకండి.

ఆకుపచ్చ గీత వస్తే వారంటీ అయిపోయిందని స్క్రీన్ మార్పించకండి, ముందు కంపెనీని అడగండి. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లకు వారంటీ దాటాక కూడా ఉచితంగా మార్చాయి.

ఫోన్ ఇచ్చే ముందు ఫొటోలు దాచుకోండి, సిమ్ తీయండి. వాపసు పంపేదైతే గూగుల్ అకౌంట్ తీసేయండి.

పిన్ నంబర్ కాగితం మీద రాసి ఇవ్వకండి.

జాబ్ షీట్ లేకుండా ఎవరి చేతికీ ఇవ్వకండి, సర్వీస్ సెంటర్ వాళ్లకైనా సరే.

మీ తమ్ముడి దోస్తు రిపేర్ నేర్చుకుంటున్నా, బావమరిదికి షాపు ఉన్నా, "నేను చూసుకుంటా కదా అన్నా" అని ఎవరు భరోసా ఇచ్చినా, మూత తీయనివ్వకండి.