ఏ సందర్భానికి ఏ పూలు తీసుకోవాలి?

పూలు కొనేటప్పుడు చాలామంది మొదట రంగు చూస్తారు, తర్వాత ధర అడుగుతారు. ఈ రెండింటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది: ఆ పూలు ఎక్కడ, ఎంతసేపు ఉండాలి? గుమ్మానికి కట్టిన దండ పొద్దున్నుంచి ఎండలో వేలాడుతుంది. జడలో పెట్టుకున్న పూలు ఆ సాయంత్రం గడిస్తే చాలు. బల్ల మీది బొకే మూడు నాలుగు రోజులైనా ఉండాలి. ఈ లెక్క తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే.

1. ముందు సమయం చూసుకోండి

మల్లెలు ఒక్క సాయంత్రపు పూలు. మధ్యాహ్నం గట్టి మొగ్గలుగా కొంటే ఫంక్షన్ టైముకి విచ్చుకుంటాయి. అప్పటికే విచ్చినవి కొన్నారంటే భోజనాల వేళకి వడిలిపోతాయి. కనకాంబరాలకు వాసన లేదు కానీ మర్నాడు కూడా రంగు తగ్గదు. అందుకే రెండూ కలిపి, మధ్యలో మరువం వేసి కట్టిన మాలకి మించింది లేదని నా నమ్మకం. గుమ్మాలకీ వాహనాలకీ బంతి మంచిది, ఎండకు బాగా ఓర్చుకుంటుంది. దేవుడి పటానికి చామంతి వేస్తే రెండు రోజులు చూసుకోనక్కర్లేదు. గులాబీ దండను మాత్రం నీడపట్టునే ఉంచాలి.

2. పూజకైతే ఏ దేవుడికో అడిగి తెలుసుకోండి

శివుడికి మారేడు దళాలు, తుమ్మిపూలు, జిల్లేడు, ఉమ్మెత్త వాడతారు. మొగలిపువ్వు పెట్టరు. విష్ణువుకు తులసి, లక్ష్మీదేవికి తామర, అమ్మవారికి ఎర్ర మందారాలు. వినాయకుడికి మామూలు రోజుల్లో తులసి వేయరు కానీ చవితినాటి 21 రకాల పత్రిలో తులసి ఉంటుంది. ఇంటి ఆచారం వేరుగా ఉంటే పెద్దవాళ్లు చెప్పినట్టే చేయండి. శ్రావణ శుక్రవారాల్లో పూల ధరలు బాగా పెరుగుతాయి కాబట్టి, వరలక్ష్మీ వ్రతానికి ఒకరోజు ముందే చామంతులు తెచ్చి పెట్టుకోవడం నయం.

దర్గాకు వెళ్లేవారికి గులాబీలే ముఖ్యం. హైదరాబాద్ నాంపల్లిలోని యూసుఫైన్ దర్గా దగ్గర రేకులూ, పూల చాదర్‌లూ అక్కడే దొరుకుతాయి. ముందుగా ఎక్కడో కొని మోసుకెళ్లక్కర్లేదు.

3. బతుకమ్మకు రెండు విడతలుగా కొనండి

నగరంలో చాలామందికి ఇబ్బంది వచ్చేది ఇక్కడే. తంగేడు, గునుగు, బంతి, చామంతి, గుమ్మడిపూలు అన్నీ ఒకేసారి కొనేసి, సాయంత్రానికి తంగేడు వాలిపోయిందని బాధపడతారు. గునుగు పొడి పువ్వు. రెండు రోజుల ముందు తెచ్చినా పాడవదు. పైగా దాన్ని చిన్న కట్టలుగా కట్టి, కొసలు సమానంగా కత్తిరించి, రంగుల్లో ముంచి ఆరబెట్టే పని ఉంటుంది కాబట్టి ముందే ఉండాలి. బంతి, చామంతి ముందురోజు తెచ్చుకోవచ్చు. తంగేడూ గుమ్మడిపూలూ మాత్రం పేర్చే రోజు పొద్దున్నే కొనాలి. తంగేడు రెమ్మలు తెచ్చిన వెంటనే నీళ్ల బకెట్లో నిలబెట్టండి, పేర్చేముందు తీయండి.

తొమ్మిది రోజుల్లో సద్దుల బతుకమ్మే పెద్దది. ఆ రోజు తంగేడు దొరకడం కష్టమవుతుంది. మీ బస్తీలో పూలమ్మే అక్కకు రెండు రోజుల ముందే చెప్పి పెట్టుకోండి. తంగేడు తక్కువైతే ఆ వరుసను పసుపు బంతితో నింపుకోవచ్చు, కానీ ప్లాస్టిక్ పూలు పెట్టొద్దు. బతుకమ్మ చివరికి చేరేది చెరువుకే కదా.

4. పెళ్లికి కాలాన్ని బట్టి

మల్లెలు ఎండాకాలపు పూలు. మాఘమాసం పెళ్లికి మల్లెమొగ్గల పూలజడ కావాలని పట్టుబడితే డబ్బూ పోతుంది, టెన్షనూ మిగులుతుంది. చలికాలంలో కాగడా మల్లెలతోనో, లిల్లీ మొగ్గలతోనో కుట్టించండి. దండలకు గులాబీ, లిల్లీ కలిపితే అందం, వాసన రెండూ ఉంటాయి. నిండా బంతితో చేసిన దండ బరువుగా ఉంటుంది, వధూవరులు ఎక్కువసేపు మెడలో ఉంచుకోలేరు. దండ వేసేముందు నీళ్లు పూర్తిగా దులపమని చెప్పండి. తడి తగిలితే పట్టుచీర మీద మరక పడుతుంది.

5. ఎవరికైనా ఇవ్వడానికైతే

ఆసుపత్రికి ఘాటైన వాసన ఉన్న పూలు తీసుకెళ్లొద్దు. ఐసీయూలోకి అసలు పూలు అనుమతించరు. వార్డులో ఉన్నవాళ్లకైతే జెర్బెరాలు, కార్నేషన్లు బాగుంటాయి. ఎక్కువ రోజులు ఉండాలంటే ఆర్కిడ్లు. పిల్లి ఉన్న ఇంటికి బొకేల్లో పెట్టే పెద్ద లిల్లీలు ఇవ్వకండి, అవి పిల్లులకు విషం. గృహప్రవేశానికి బొకే కన్నా మామిడాకులు కలిపి కట్టిన బంతి తోరణం ఇచ్చి చూడండి, వాళ్లు దాన్ని వెంటనే గుమ్మానికి కట్టుకుంటారు.

పోయినవాళ్ల ఇంటికి వెళ్లేటప్పుడు సాదా దండ చాలు. మెరుపు కాగితం, రిబ్బన్లు వద్దని దుకాణంలోనే చెప్పండి.

6. మార్కెట్లో చేత్తో పట్టి చూడండి

ఎక్కువ పూలు కావాలంటే మెహిదీపట్నం దగ్గరి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తెల్లవారుజామునే వెళ్లండి. చేవెళ్ల, మొయినాబాద్ వైపు తోటల పూలూ అక్కడికి వస్తాయి. కొద్దిగా చాలనుకుంటే సికింద్రాబాద్ వాళ్లకు మోండా మార్కెట్ ఉండనే ఉంది.

బంతిపువ్వును తిప్పి వెనక్కి చూడండి. తొడిమ దగ్గర పచ్చగా, గట్టిగా ఉంటే తాజాది. గోధుమరంగులో మెత్తగా ఉంటే నిన్నటిది. గులాబీని రేకుల కింద, కాడకు పైన, రెండు వేళ్లతో మెల్లగా నొక్కండి. గట్టిగా తగలాలి. మెత్తగా ఉంటే పైరేకులు తీసేసి కొత్తగా కనిపించేలా చేశారేమో అనుకోవాలి. చామంతిని తలకిందులుగా పట్టి ఒకసారి విదిలిస్తే రేకులు రాలకూడదు. కిలోల లెక్కన కొనేటప్పుడు పైపూలు చూసి ఆగొద్దు, గోనె అడుగు నుంచి ఒక గుప్పెడు తీయించండి. నీళ్లు కారుతుంటే బరువు కూడా నీళ్లదే. మూరల్లో కొంటే అమ్మేవాళ్ల చేయి ఎంత పొడవో అంతే మాల వస్తుంది, కాబట్టి కొలిచేటప్పుడు మోచేయి నుంచి వేళ్ల కొసదాకా కొలుస్తున్నారో లేదో చూడండి.

ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ కవర్లో మూసి ఉంచొద్దు, లోపల చెమ్మ పట్టి కుళ్లుతాయి. మాలల్ని తడిపి పిండిన నూలు గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. కాడల పూలకు నీళ్లలో మునిగే ఆకులు తుంచి, కాడను ఏటవాలుగా కోసి, రోజూ నీళ్లు మార్చండి.