వసారాలో పానెలింగ్, చెప్పుల బల్ల: ఎక్కడ చెడుతుంది, ఎలా బాగుచేసుకోవాలి

వీధి గుమ్మం పక్కన గోడకి పానెలింగ్, దాని ముందు చెప్పులు దాచుకునే బల్ల, పైన గొడుగులకీ రెయిన్‌కోట్లకీ కొక్కేలు. మడ్‌రూమ్ అని వీడియోల్లో చూపించే ఈ ఏర్పాటు మన వసారాకి చక్కగా సరిపోతుంది. తేడా అంతా గోడలోనే ఉంది. అమెరికా వీడియోల్లో గోడ లోపల చెక్క నిలువులు ఉంటాయి, వాటి మీద జిప్సం బోర్డు ఉంటుంది. మనది ఇటుక గోడ. పైగా కోనసీమలో, భీమవరం వైపు కాస్త తవ్వితే ఊట వచ్చే నేల. కాళ్లతో వచ్చే బురద కంటే గోడలోంచి పైకెక్కే చెమ్మే ఇక్కడ ఎక్కువ పాడుచేస్తుంది. కింద చెప్పే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అదే.

పానెల్ అడుగు ఉబ్బింది, రంగు పొక్కులు లేచింది

ముందు బోర్డు ఏమిటో చూడండి. ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన పలక) అయితే బాగుచేసే దారి లేదు, తీసేయాల్సిందే. తడి తగిలి ఉబ్బిన ఎండీఎఫ్ ఆరినా మళ్లీ మామూలు మందానికి రాదు. ప్లైవుడ్ అయితే దాని మీద ముద్ర చదవండి. ఐఎస్ (భారత ప్రమాణం) 303 ఎంఆర్ అని ఉంటే అది గాలిలో తేమకి తట్టుకునేది మాత్రమే, నీళ్లకి కాదు. షాపులో ‘వాటర్‌ప్రూఫే సార్’ అంటారు, ఆ మాటని పట్టించుకోకండి. గుమ్మం దగ్గరికి ఐఎస్ 710 మెరైన్ ప్లై కావాలి. అనుమానంగా ఉంటే చిన్న ముక్క అడిగి తెచ్చి కొన్ని గంటలు నీళ్లలో ఉడికించండి. పొరలు విడిపోతే ఆ సరుకు వద్దు.

తరవాత నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో తేలాలి. పానెల్ విప్పి, గోడ మీద అడుగు చదరం పాలిథిన్ కాగితం పెట్టి నాలుగు వైపులా టేపు గట్టిగా అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. కాగితం వెనక చెమట పడితే చెమ్మ గోడలోంచే వస్తోంది. పైన పడితే గాలిలో తేమ. రెండు వైపులా పొడిగా ఉంటే ఇల్లు తుడిచే నీళ్లు బోర్డు అంచు తాగుతోందని అర్థం. ఈ పరీక్ష మే నెలలో చేస్తే మోసపోతారు. కాలువలు కట్టేసిన రోజుల్లో గోడలు ఎండి కనిపిస్తాయి. కాలువకి నీళ్లు వదిలి, నాట్లు పడి, చుట్టూ చేలు నిండాక చేయండి.

తుడిచే నీళ్లే కారణమైతే పని తేలిక. పానెల్‌ని నేల నుంచి రెండంగుళాలు పైకి కోసేసి, ఆ ఖాళీలో టైలు స్కర్టింగ్ వేయండి. కోసిన అంచుకి రెండు చేతులు ప్రైమర్ పట్టించండి. ప్లైవుడ్ నీళ్లు తాగేది ముఖంతో కాదు, అంచుతో.

చెమ్మ గోడలోంచే అయితే బయటికెళ్లి చూడండి. మన ఊళ్లలో సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా వీధి కొంత పైకి లేస్తుంది. అరుగు పక్కన మెరక పోస్తూ పోతే మట్టి పునాది దాటి గోడని తాకుతుంది. ఆ మట్టి తీసేసి, వాన నీళ్లు గోడకి దూరంగా పోయేలా వాలు చేయడం మొదటి పని. చూరు నీళ్లు గోడ మొదట్లో పడి చిందుతుంటే గట్టర్ పెట్టండి. లోపల ఉప్పు పూసిన పూత గీకేసి గోడని ఎండనివ్వండి. చాలామంది ఇక్కడే తొందరపడి లోపలివైపు వాటర్‌ప్రూఫ్ సిమెంటు బిగించేస్తారు. దారి మూసుకున్న చెమ్మ ఇంకో అడుగు పైకెక్కి, పానెల్ అంచు దాటి లప్పం పెచ్చులు ఊడగొడుతుంది.

పునాది మీద చెమ్మ ఆపే పట్టీ లేని పాత ఇంట్లో చెమ్మని పూర్తిగా ఆపడం కష్టం. అక్కడ పానెల్‌ని గోడకి తాకనివ్వకండి. ముప్పావంగుళం రీపర్లు (సన్నటి పట్టీలు) కొట్టి వాటి మీద బిగించండి. చెక్క రీపర్ల కంటే డబ్ల్యూపీసీవో (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసినవి) అల్యూమినియంవో నయం. నిలువు పలకలకి రీపర్లు అడ్డంగా వస్తాయి కాబట్టి గాలి కింద నుంచి పైకి పోలేదు. ప్రతి రీపరునీ మధ్యలో రెండంగుళాలు తెంచి దారి వదలాలి. పైన అలంకారపు పట్టీ కింద కూడా అరంగుళం సందు ఉంచండి. అది సిలికాన్‌తో మూసేస్తే రీపర్లు కొట్టీ లాభం లేదు.

కొక్కెం స్క్రూతో సహా ఊడి వచ్చింది

తడిసిన రెయిన్‌కోటు, స్కూలు బ్యాగు, హెల్మెట్ కలిసి ఒకే కొక్కేనికి వేలాడితే 6 ఎంఎం పానెల్ ఆపలేదు. రంధ్రంలోంచి బూడిదరంగు సిమెంటు పొడి రాలుతుంటే ప్లగ్ పూతలోనే ఆగిపోయిందన్నమాట. డ్రిల్ చేసేటప్పుడు ఎర్ర పొడి రావాలి, అప్పుడే ఇటుకలోకి దిగినట్టు. ఇటుకల మధ్య సందులో పడితే ఒక అంగుళం పక్కకి జరగండి. రీపరు మీద 18 ఎంఎం ప్లై పలక ఒకటి గోడ పొడవునా బిగించి, కొక్కేలన్నీ దానికే పెట్టడం మంచి పద్ధతి. ఆ పలకని ఇటుకలోకి కనీసం రెండంగుళాలు దిగే పొడవాటి స్క్రూలతో, 10 ఎంఎం ప్లగ్గులతో పట్టించాలి. పెద్దవాళ్లకి ఐదున్నర అడుగుల ఎత్తు, పిల్లలకి మూడున్నర.

పెట్టె తెరిస్తే ముక్కవాసన, చెప్పులకి బూజు

బిగుతైన తలుపులే కారణం. ఫోటోలో అందంగా ఉంటుందని తలుపులు పెట్టుకుంటాం గానీ, శ్రావణంలో తడి బూట్లు దాచే పెట్టెకి తలుపు లేకపోవడమే మేలు. తప్పదంటే జాలీ తలుపు. అడుగు పలకకి బదులు రీపర్లు సందులొదిలి వేస్తే నీళ్లు కిందికి కారిపోతాయి. పట్టిన బూజుని పొడి గుడ్డతో దులపకండి, ఇల్లంతా రేగుతుంది. సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి ఎండలో పెట్టండి. బల్ల ఎత్తు 18 అంగుళాలుంటే మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా కూర్చుని లేవగలరు.

గోడ మీద మట్టి గీతలు

చెదలు. ‘పీవీసీ పానెల్ వేశాం, మాకు చెదలు రావు’ అనేవాళ్లకే ఎక్కువ నష్టం జరుగుతుంది. పీవీసీని తినవు నిజమే, దాని చాటున ఎవరికీ కనపడకుండా ద్వారబంధం దాకా నడిచి వెళ్తాయి. గీతని చెరిపేస్తే పని అయిపోదు. నేల, గోడ కలిసే చోట రంధ్రాలు వేసి చెదల మందు ఎక్కించాలి, అది తెలిసినవాళ్ల చేత చేయించండి. పానెల్ కింది పలక ఒక్కటి జిగురు లేకుండా స్క్రూలతోనే బిగించుకుంటే ఏడాదికోసారి విప్పి టార్చి వేసి చూసుకోవచ్చు.

ఇంత చేసినా బురద హాల్లోకే వస్తోంది

బల్ల గుమ్మం లోపల ఉంది, కుళాయి పెరట్లో ఉంది. అదీ సంగతి. ఆకుమడిలోంచో చెరువు గట్టు మీంచో వచ్చిన కాళ్లకి అంటిన బంకమట్టి పీచు పట్టాకి రాదు, పట్టానే పాడుచేస్తుంది. వెనకటి ఇళ్లలో అరుగు దగ్గర గోలెం, చెంబు ఉండేవి. అదే చోట ఒక కుళాయి, రెండడుగుల గరుకు టైలు పెట్టండి. వాలు మీటరుకి రెండు సెంటీమీటర్లు, బయటికే. పక్కన ఇనుప పట్టీ నిలువుగా పాతితే చెప్పు అడుగున మట్టి గీకేసుకోవచ్చు.

స్క్రూల చుట్టూ తుప్పు మరక

అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలికి మామూలు స్క్రూలు త్వరగా తుప్పు పడతాయి. 316 స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి, మరక మీద రంగు వేసి లాభం లేదు.

వానల్లో తలుపు పట్టేస్తోంది

చెక్క తేమ తాగి వెడల్పు పెరిగింది. వెంటనే చిత్రిక పట్టకండి, వేసవిలో సందు తేలుతుంది. పట్టేసే చోట పెన్సిల్ గీత పెట్టుకుని, మైనం రుద్ది, సంక్రాంతి దాటాక చూడండి. అప్పటికీ పట్టేస్తుంటే మడతబందు స్క్రూలు వదులయ్యాయేమో ముందు చూసి, ఆ తరవాతే చిత్రిక పట్టి, కోసిన అంచుకి అదే రోజు ప్రైమర్ వేయండి.