జపాన్‌లో ఎవరిని ఎప్పుడు ఎలా పలకరించాలి?

చదువుకో ఉద్యోగానికో జపాన్ వెళ్లేవాళ్లు మొదట పట్టుకునే మాట 'కొన్నిచివా'. దాన్ని మన నమస్కారంలా పొద్దున్నుంచి రాత్రిదాకా అందరిమీదా ప్రయోగిస్తారు. అక్కడ అలా కుదరదు. పలకరింపు వేళను బట్టి మారుతుంది, ఎదుటి మనిషి మీకేమవుతారన్న దాన్ని బట్టి ఇంకా ఎక్కువ మారుతుంది.

1. ముందు పొద్దు చూసుకోండి. ఉదయం పది, పదిన్నర దాకా 'ఒహాయో గొజాయిమాస్'. స్నేహితులకు ఉత్త 'ఒహాయో' చాలు. తర్వాత 'కొన్నిచివా', చీకటి పడ్డాక 'కొంబన్‌వా'. ఈ రెండూ సొంత ఇంట్లోవాళ్లతో అనరు. పడుకోబోయే ముందు 'ఒయాసుమినసాయ్'. ఒక తిరకాసుంది: రెస్టారెంట్ల లాంటి షిఫ్టు పనుల్లో సాయంత్రం డ్యూటీకొచ్చినా 'ఒహాయో గొజాయిమాస్' అనే అంటుంటారు.

2. కొత్తవాళ్లయితే 'హజిమెమష్తె' అని, పేరు చెప్పి, 'యొరొషికు ఒనెగాయ్ షిమాస్' (మీ ఆదరణ కావాలి) అని ముగించండి. మన 'గారు' లాంటి 'సాన్' ఎదుటివాళ్ల పేరుకే, మీ పేరుకు తగిలించుకోకండి. మాట పూర్తయ్యాక నడుం నుంచి వంగాలి. దారిలో ఎదురైతే 15 డిగ్రీలు, క్లయింట్లకు 30. చేతులు జోడించక్కర్లేదు.

3. అసలు టెన్షన్ ఆఫీసులోనే. వరండాలో ఎదురైన సహోద్యోగికి 'కొన్నిచివా' అంటే బయటివాళ్లని పలకరించినట్టుంటుంది. 'ఒత్సుకారెసమా దెస్' అనండి, అంటే మీరు పడ్డ శ్రమకు థాంక్స్ లాంటిది. ఆఫీసువాళ్ల మధ్య ఫోనైనా మెయిలైనా చాలావరకు దీంతోనే మొదలవుతుంది. అందరికంటే ముందు ఇంటికి బయల్దేరితే 'ఒసాకినీ షిత్సురేయ్ షిమాస్', అంటే ముందు వెళ్తున్నందుకు మన్నించమని. మిగిలినవాళ్లు 'ఒత్సుకారెసమా దెష్తా' అంటారు. ఇలాంటిదే అనుకుని బాస్‌తో 'గొకురోసమా' అనేరు, అది పైవాళ్లు కిందివాళ్లతో అనే మాట. వీడ్కోలు మాట 'సయోనారా' సినిమాల్లో వినిపించినంతగా ఆఫీసుల్లో వినపడదు. స్కూల్లో పిల్లలు టీచర్లకు చెప్తారు గానీ, రేపు మళ్లీ కలిసే సహోద్యోగికి చెప్పరు.

4. ఇంట్లో మాటలు జంటగా నడుస్తాయి. బయటికెళ్లేవాళ్లు 'ఇత్తెకిమాస్' అంటారు, అచ్చం మన 'వెళ్లొస్తా'నే. ఉన్నవాళ్లు 'ఇత్తెరాష్షాయ్' అని పంపుతారు. తిరిగొచ్చి 'తదాయిమా' అంటే లోపల్నుంచి 'ఒకాఎరి' వినిపిస్తుంది. భోజనానికి ముందు 'ఇతదాకిమాస్', తిన్నాక 'గొచిసోసమా దెష్తా'. ఎవరైనా తినిపించినప్పుడు ఈ రెండోది అస్సలు మర్చిపోవద్దు.

5. షాపులో అడుగుపెట్టగానే 'ఇరాష్షాయిమాసె' (రండి, రండి) అని అరుస్తారు. జవాబివ్వక్కర్లేదు, చిన్నగా తల ఊపితే చాలు. వెయిటర్‌ని పిలవాలన్నా, కిక్కిరిసిన రైల్లో దారి కావాలన్నా 'సుమిమాసెన్' (ఎక్స్‌క్యూజ్ మీ).

6. కొత్త సంవత్సరం దగ్గర జాగ్రత్త. డిసెంబర్ 31 దాకా 'యొయి ఒతొషి ఒ' (రాబోయే ఏడాది మంచిగా ఉండాలి), జనవరి 1 వచ్చాకే 'అకెమష్తె ఒమెదెతో గొజాయిమాస్' (కొత్త సంవత్సర శుభాకాంక్షలు). అయితే గడిచిన ఏడాదిలో ఇంట్లో ఎవరైనా పోయిన కుటుంబానికి ఈ రెండోది చెప్పరు. వాళ్లకు 'కొతొషిమో యొరొషికు ఒనెగాయ్ షిమాస్' (ఈ ఏడాదీ మీ ఆదరణ కావాలి) అంటే సరిపోతుంది.