వేసవి క్యాంపుకు పంపే ముందు: పిల్లల తలకు తగిలే దెబ్బల గురించి

ఏప్రిల్ ఆఖరుకు బడులు మూసేస్తారు. ఆ మర్నాటి నుంచే గ్రౌండ్లు నిండిపోతాయి. క్రికెట్ క్యాంపులు, కబడ్డీ, ఖోఖో, స్కేటింగ్. ఎండదెబ్బ తగులుతుందేమోనని మంచినీళ్ళ సీసా, టోపీ, గ్లూకోజు పొట్లం సర్ది పంపుతాం. తలకు దెబ్బ తగిలితే ఏం చేయాలన్నది మాత్రం ఇంట్లోనూ అనుకోం, కోచ్‌నీ అడగం. తీరా తగిలాక ఆ కంగారులో ఎవరికీ ఏమీ తోచదు. అందుకే ఈ మాటలు ఇప్పుడే మాట్లాడుకోవాలి.

మామూలుగా జరిగేది చూడండి. పిల్లాడు కింద పడతాడు. చుట్టూ అందరూ మూగుతారు. మొహాన నీళ్ళు చల్లుతారు, తల తడిమి చూస్తారు. రక్తం రాలేదు, బొప్పి కూడా పెద్దగా కట్టలేదు. "ఏం కాలేదులే, లే!" అని మళ్ళీ ఆటలోకి పంపేస్తారు. ఇక్కడ అందరూ చూస్తున్నది పైతోలును. దెబ్బ తగిలింది లోపల మెదడుకు. పుర్రె లోపల మెదడు ఒక్కసారిగా అదిరితే కొంతకాలం దాని పని గాడి తప్పుతుంది. దీన్నే డాక్టర్లు కంకషన్ అంటారు. ఇలా దెబ్బ తిన్నవాళ్ళలో స్పృహ తప్పేది పదిమందిలో ఒక్కరికి కూడా ఉండదు. స్కాన్ తీసినా సాధారణంగా ఏమీ కనిపించదు, ఎందుకంటే స్కాన్ పట్టుకునేది రక్తస్రావాన్ని, ఎముక విరగడాన్ని. కాబట్టి "స్పృహ తప్పలేదు", "స్కాన్ నార్మల్" అన్న మాటలు విని ధీమా పడకూడదు.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం రెండో దెబ్బ. మొదటి అదురు నుంచి మెదడు కోలుకోకముందే ఇంకోటి తగిలితే, అది చిన్నదైనా సరే, మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు. ఇది అరుదే, కానీ జరిగినప్పుడు ఎక్కువగా పిల్లలకూ కుర్రాళ్ళకూ జరుగుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో జాకరీ లిస్టెట్ అనే 13 ఏళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు తలకు దెబ్బ తగిలాక మళ్ళీ అదే మ్యాచ్‌లో ఆడాడు. ఆట ముగిశాక కుప్పకూలాడు. బతికాడు కానీ శాశ్వత వైకల్యం మిగిలింది. అతని పేరుతోనే 2009లో చట్టం వచ్చింది: అనుమానం ఉన్న పిల్లల్ని వెంటనే ఆట నుంచి తప్పించాలి, వైద్య నిపుణులు రాసిచ్చేదాకా తిరిగి ఆడించకూడదు. తర్వాత మిగతా రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలే తెచ్చాయి. అక్కడి మన తెలుగు కుటుంబాలు సీజన్ మొదట్లో సంతకం పెట్టే కంకషన్ కాగితం వెనుక కథ ఇదే. దాన్ని చదవకుండా సంతకం పెట్టకండి.

క్యాంపులో చేర్చే ముందు

క్రికెట్ అయితే మొదట హెల్మెట్ సంగతి. "వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుంది" అని ఒక సైజు పెద్దది కొంటాం. అది బంతి తగిలేలోపే కళ్ళ మీదికి జారుతుంది. పెట్టి, పట్టీ బిగించి, తల అటూ ఇటూ గట్టిగా ఊపమనండి. హెల్మెట్ తలతోపాటే కదలాలి. తర్వాత బంతి తీసుకుని ముందున్న ఇనుప జాలీకీ, పైన నుదుటి అంచుకీ మధ్య పెట్టి చూడండి. ఆ సందులోంచి బంతి దూరితే అది పనికిరాదు. క్యాంపు కిట్ బ్యాగులో అందరూ వాడే హెల్మెట్లు ఉంటాయి. వాటి పట్టీలు సాగిపోయి, బకిల్ ఊడిపోయి ఉంటాయి. వాటినీ ఇలాగే పరీక్షించండి. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను మార్చేయాలి. 2014లో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ ఫిలిప్ హ్యూస్ ప్రాణం తీసిన బంతి తగిలింది హెల్మెట్ కింద, మెడ దగ్గర. ఆ తర్వాతే మెడ వెనుక గార్డులు వాడకంలోకి వచ్చాయి. అవి దొరుకుతున్నాయి, బిగించుకోండి. అయితే హెల్మెట్ పుర్రెను కాపాడుతుందే తప్ప లోపలి అదురును పూర్తిగా ఆపలేదు.

బంతి గురించి కూడా అడగండి. పెద్దల బంతి 156 నుంచి 163 గ్రాములు ఉంటుంది, 13 ఏళ్ళలోపు పిల్లలదైతే 133 నుంచి 144 గ్రాములే. గల్లీల్లో హెల్మెట్ లేకుండా కార్క్ బాల్‌తో ఆడతారు, అది రాయిలా తగులుతుంది. దాన్ని మాన్పించి టెన్నిస్ బాల్ ఇవ్వండి. బ్యాట్స్‌మన్‌కు మరీ దగ్గరగా పిల్లల్ని నిలబెట్టే అలవాటు నాకు అసలు నచ్చదు. మన రమణ్ లాంబా 1998లో ఢాకాలో షార్ట్ లెగ్‌లో హెల్మెట్ లేకుండా నిలబడి తలకు బంతి తగిలి చనిపోయాడు. అనుభవమున్న ఆటగాడికే తప్పించుకునే వ్యవధి దొరకలేదు. ఇంగ్లండ్‌లో 13 ఏళ్ళలోపు పిల్లలు ఆఫ్‌సైడ్ వికెట్ వెనుక తప్ప బ్యాట్స్‌మన్‌కు 11 గజాల కంటే దగ్గరగా ఫీల్డింగ్ చేయకూడదన్న నిబంధన ఉంది. ఆ నియమం మన క్యాంపులోనూ పెట్టమని కోచ్‌ను అడగడంలో తప్పేం లేదు.

కబడ్డీలో హెల్మెట్ ఉండదు. కూతకు వచ్చినవాణ్ణి ఇద్దరు ఒకేసారి పట్టబోయి తలలు ఢీకొంటాయి, వంగి దూరేవాడికి మోకాలు తగులుతుంది. తల దించి దూకకుండా, తల పైకెత్తి భుజంతో పట్టడం మొదటి వారంలోనే నేర్పాలి. మట్టి కోర్టును తవ్వి గుల్ల చేయాలి, రాళ్ళు ఏరేయాలి, గీత పక్కనే కుర్చీలు వేయనివ్వకూడదు. ఖోఖోలో స్తంభాలు నునుపుగా ఉన్నాయో లేదో చూడండి.

తగిలితే

అనుమానం వస్తే చాలు, ఆ రోజుకు ఆట బంద్. పిల్లలు "బాగానే ఉన్నాను" అంటారు, టీమ్‌లోంచి తీసేస్తారని భయం. వాళ్ళ మాట కంటే వాళ్ళ తీరు గమనించండి. తూలడం, తెల్లమొహం వేయడం, అడిగిందే అడగడం, తల దిమ్ముగా ఉందనడం, వెలుతురు చూడలేకపోవడం. "ఇప్పుడు ఎన్నో ఓవర్? ఎవరు బౌలింగ్?" అని అడగండి. తడబడితే ఇక ఆలోచించక్కర్లేదు.

ఫిట్స్ రావడం, మళ్ళీ మళ్ళీ వాంతులు, తలనొప్పి పెరుగుతూ పోవడం, మగతగా ఉండి లేపినా లేవకపోవడం, కాలూ చేయీ పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, చెవిలోంచో ముక్కులోంచో నీళ్ళలాంటిది కారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. మెడ నొప్పి అన్నా, స్పృహ లేకపోయినా ఎత్తి బండి మీద కూర్చోబెట్టకండి. ఊపిరికి అడ్డం లేకపోతే హెల్మెట్ కూడా తీయకండి. కొన్నిసార్లు లోపల రక్తస్రావం ఉన్నా కొన్ని గంటలు బాగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా దిగజారతారు. అందుకే మొదటి రోజంతా ఒక పెద్ద మనిషి దగ్గర ఉండాలి. ఏ లక్షణమూ ముదరకపోయినా డాక్టర్‌కు చూపించండి.

నిద్రపోనివ్వకూడదన్న మాట ఇళ్ళలో బాగా ఉంది. డాక్టర్ చూసి ఇంటికి పంపాక నిద్ర మంచిదే, రాత్రి ఒకటి రెండుసార్లు లేపి చూస్తే సరిపోతుంది. నొప్పికి పారాసిటమాల్ ఇవ్వచ్చు. డాక్టర్ చెప్పకుండా ఆస్పిరిన్, బ్రూఫెన్ వద్దు. మొదటి రెండు రోజులు ఫోన్, టీవీ తగ్గించండి. చీకటి గదిలో పడుకోబెట్టేయక్కర్లేదు, ఇంట్లో తిరగచ్చు.

తిరిగి ఆడించేటప్పుడు చదువు ముందు, ఆట తర్వాత. నడక, మెల్లగా పరుగు, ఒంటరిగా నెట్స్, తర్వాత అందరితో ప్రాక్టీసు, డాక్టర్ సరేనన్నాకే మ్యాచ్. మెట్టుకు మెట్టుకు మధ్య కనీసం ఒక రోజు. బ్రిటన్‌లో 2023 నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల ప్రకారం 21 రోజులలోపు పోటీల్లోకి దించకూడదు. మధ్యలో తలనొప్పి గానీ తల తిరగడం గానీ మళ్ళీ వస్తే ఆ రోజుకు ఆపి, ఒక మెట్టు కిందికి దిగండి. నాలుగు వారాలైనా తగ్గకపోతే న్యూరాలజిస్ట్‌కు చూపించండి.