కాయ కొరికింది ఎలుకా, ఉడుతా, నత్తా? పెరటి తోటలో సమస్య - పరిష్కారం

పండబోయే టమాటాకి బొక్క కనబడగానే చాలామంది ఉడుతదే పని అనుకుని నైలాన్ వల కప్పేస్తారు. వచ్చేది ఎలుకైతే ఆ వల కూడా కొరికేస్తుంది. అందుకే ముందు ఒక రాత్రి చూడండి. చీకటి పడ్డాక మొక్క చుట్టూ జానెడు వెడల్పున రాతి ముగ్గు పలచగా చల్లండి. బియ్యప్పిండి వద్దు, చీమలు పడతాయి. తెల్లారి ముగ్గులో అడుగులు ఉంటే రాత్రి తిరిగే జంతువు. ముగ్గు చెదరకుండా ఉండి, పగటిపూట కాయ పాడైతే ఉడుతో పిట్టో.

కాయ మీద జంట పళ్ల గాట్లు. చిలగడదుంప, చేమ అడుగు నుంచి తినేసి ఉండటం

కారణం: ఎలుక, లేదా పందికొక్కు. కన్నం ముందు వదులు మట్టి కుప్ప ఉంటే పందికొక్కు అయ్యే అవకాశం ఎక్కువ.

పరిష్కారం: సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూయండి. పొద్దున్నకి మళ్లీ తెరుచుకున్నవే ఇప్పుడు వాడుకలో ఉన్నవి. వాటి దగ్గర, గోడ వారగా బోను పెట్టండి. ఎలుకకి కొత్త వస్తువంటే అనుమానం. కాబట్టి మొదటి రెండు మూడు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి, వేయించిన వేరుశనగ పలుకులో ఎండు కొబ్బరి ముక్కో లోపల ఉంచండి. నిర్భయంగా తినడం మొదలయ్యాకే బోను బిగించాలి. మొదటి రోజే బిగించి, పడలేదని తీసేయడం వల్లే ఎక్కువమంది విఫలమవుతారు.

మడి చుట్టూ పావు అంగుళం రంధ్రాల ఇనుప జాలీ వేయండి. అర అంగుళం రంధ్రంలోంచి పిల్ల ఎలుకలు దూరతాయి. అడుగు లోతు పాతి, కింది అంచుని బయటికి వంచితే తవ్వుకుంటూ వచ్చేది అక్కడే ఆగుతుంది. కంపోస్టులో అన్నం, కూర వేస్తే ఇదంతా వృథా. రంగు తిరిగిన టమాటాలు కోసి ఇంట్లో మాగబెట్టండి.

విషపు బిళ్లలు మాత్రం వద్దు. విషం తిన్న ఎలుకను పట్టి తింటే గుడ్లగూబ, పిల్లి కూడా చావొచ్చు.

ఆకుల్లో అడ్డదిడ్డంగా బొక్కలు, మెరిసే జిగురు చార

కారణం: వానాకాలపు నత్తలు. పగలు కుండీల కింద దాక్కుంటాయి.

పరిష్కారం: సాయంత్రం తడి గోనెసంచి పరిచి, దాని కింద బొప్పాయి ఆకులు పెట్టండి. పొద్దున్నే చేరిన వాటిని చేతి తొడుగులతో ఏరి ఉప్పునీళ్ల బకెట్లో వేయండి. నత్తల్లో మనుషులకి సోకే పరాన్నజీవులు ఉంటాయి, ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. ఆ నీళ్లు మడిలో పోయకండి, ఉప్పు మొక్కని చంపుతుంది. సున్నం గీత ఒక్క వానకి తడిస్తే పనిచేయదు. మట్టిలో మిరియాలంత లేతపసుపు గుడ్ల గుంపు కనబడితే అదీ తీసేయాలి.

పగలు మొలకలు పీకేయడం, కాయ మీద ముక్కు పోట్లు

పావురాలు, గోరింకలు. వల చాలు, కానీ కర్రల చట్రం మీద బిగుతుగా లాగి కట్టాలి. నేల మీద వదులుగా పడి ఉన్న వలలో జెర్రిపోతు చిక్కి చస్తుంది. ఎలుకల్ని తినే పాము అది. ఉడుతలకి వల ఆగదు, కాయలకి ఇనుప జాలీ తొడుగే దారి.

కొమ్మలు విరిగి, మొక్కలు వేళ్లతో సహా పడి ఉండటం

కోతులు. వల చింపేస్తాయి, చప్పుళ్లకి నాలుగు రోజుల్లో అలవాటు పడతాయి. నాలుగు వైపులా, పైన కూడా ఇనుప జాలీ ఉన్న గది కట్టగలిగితే టమాటా, వంగ అందులో వేయండి. బయట కాకర, పసుపు, అల్లం, కంద పెట్టుకోండి. వీటిని కోతులు తక్కువగా ముట్టుకుంటాయి.