పల్లెలో నెట్ ఈడుస్తుంటే: సాఫ్ట్‌వేర్‌తో అయ్యేది, కానిది

గొట్టా బ్యారేజీ దగ్గర వదిలిన నీరు వంశధార ఎడమ కాలువ శివారుకి చేరేసరికి ఎంత మిగులుతుందో టెక్కలి, పలాస వైపు రైతుకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊళ్లోకి వచ్చే ఇంటర్నెట్టూ అలాంటిదే. టవరు నుంచి, లేదా ఫైబరు పెట్టె నుంచి ఎంత దిగుతుందో అంతే. దాన్ని రెట్టింపు చేసే యాప్ ఏదీ లేదు. ప్లేస్టోర్‌లో "స్పీడ్ బూస్టర్" పేరుతో కనిపించేవి చేసే పని మూడు రకాలు: వెనక నడిచే యాప్‌లను మూసేస్తాయి, డిఎన్ఎస్ (సైట్ పేరును దాని అంకెల అడ్రసుగా మార్చే సేవ) మారుస్తాయి, లేదంటే విపిఎన్ (డేటాను వేరే సర్వర్ మీదుగా తిప్పే సేవ) పెట్టి దారిని ఇంకాస్త పొడుగు చేస్తాయి. మధ్యలో ప్రకటనలు చూపిస్తాయి, వాటికీ మీ డేటాయే.

సాఫ్ట్‌వేర్ నిజంగా చేయగలిగేవి రెండు. గండ్లు పూడ్చడం, అంటే మనకి తెలియకుండా కారిపోయే డేటాను ఆపడం ఒకటి. వంతులు వేయడం, అంటే ఎవరి డేటా ముందు వెళ్లాలో చెప్పడం ఒకటి. ఈ రెండూ సరిగ్గా చేస్తే 4 ఎంబీపీఎస్ లైను మీద కూడా వీడియో కాల్, సచివాలయం దరఖాస్తు, పిల్లల క్లాసు ఒకేసారి నడుస్తాయి.

ముందు కొలత

ఏదీ మార్చకముందే మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి: డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (పంపిన సంకేతానికి జవాబు రావడానికి పట్టే సమయం). ఉదయం 6 గంటలకి ఒకసారి, రాత్రి 8 గంటలకి ఒకసారి కొలవండి. ఉదయం బాగుండి రాత్రి పడిపోతే టవరు మీద జనం ఎక్కువని అర్థం. దానికి మీ ఇంట్లో మందు లేదు, పనుల వేళ మార్చుకోవడమే.

ఇక్కడ చాలామంది పొరబడేది బిట్లు, బైట్ల దగ్గర. ప్లాను మీద రాసేది మెగాబిట్లలో, డౌన్‌లోడ్ కిటికీలో కనిపించేది మెగాబైట్లలో. 8తో భాగించాలి. 4 ఎంబీపీఎస్ లైనులో సెకనుకి 500 కిలోబైట్లే వస్తాయి. అంటే 1 జీబీ ఫైలుకి, లైనంతా దానికే ఇచ్చినా, 33 నిమిషాలు. మోసం ఏమీ లేదు, లెక్కే అంత.

తర్వాత లోపం ఇంట్లో ఉందో బయట ఉందో తేల్చాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషులో పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి మీ రౌటరు అడ్రసు ఇవ్వండి. ఎక్కువ ఇళ్లలో అది 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ అవుతుంది. జవాబు 1 నుంచి 5 మిల్లీసెకన్లలో రావాలి. అక్కడే 80, 200 అని ఎగుడుదిగుడుగా వస్తే తప్పు కంపెనీది కాదు, మీ వైఫైది. రౌటరు బీరువా వెనకో ఫ్రిజ్ పక్కనో ఉండి ఉంటుంది. దాన్ని బయటికి తీసి, 2.4 గిగాహెర్ట్జ్ చానెల్‌ను 'ఆటో' నుంచి 1, 6, 11లలో పక్కింటి వాళ్లు వాడనిదానికి మార్చండి. రౌటరు జవాబు బాగుండి, బయట ఉండే గూగుల్ సర్వర్ 8.8.8.8కి పింగ్ చేస్తే ఆలస్యమైతే అప్పుడు బయటి సంగతి.

మొబైల్ డేటా మీద బతికే ఇంట్లో ఇంకొకటి చూడాలి. రోజువారీ కోటా అయిపోయిందా? చాలా ప్లాన్లలో కోటా దాటగానే వేగం 64 కేబీపీఎస్‌కి దిగుతుంది. అంటే సెకనుకి 8 కిలోబైట్లు. 2 ఎంబీ వెబ్ పేజీ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాల పైనే. "మధ్యాహ్నం దాకా బాగానే ఉంది, తర్వాత చచ్చిపోయింది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

గండ్లు ఎక్కడెక్కడ

విండోస్ కంప్యూటరే పెద్ద గండి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, మీ కనెక్షన్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేయండి. దీంతో పెద్ద అప్‌డేట్లు, వన్‌డ్రైవ్ సింక్ చాలావరకు ఆగుతాయి. అలాగని నెలలు వదిలేయకండి. నెలకోసారి, తెల్లవారుజామున, మీటర్డ్ తీసేసి అప్‌డేట్ పూర్తి చేయించండి. భద్రతా అప్‌డేట్లు లేని కంప్యూటర్లో వైరస్ చేరితే అది మీ నెట్‌ను ఇంకా ఎక్కువ తాగుతుంది.

విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, డెలివరీ ఆప్టిమైజేషన్. ఇది మీ కంప్యూటర్లో దిగిన అప్‌డేట్‌ను ఇంటర్నెట్ మీద వేరేవాళ్లకి పంచగలదు, అదీ మీ అప్‌లోడ్ ఖర్చుతో. ఒక్క కంప్యూటరే ఉంటే ఆపేయండి. ఇంటర్నెట్ సెంటర్లోనో బడిలోనో నాలుగైదు ఉంటే మాత్రం 'లోకల్ నెట్‌వర్క్‌లోని పరికరాలు' అన్నది ఎంచుకోండి. అప్పుడు ఒకదానికి దిగిన అప్‌డేట్‌ను మిగతావి చాలావరకు దాని దగ్గర నుంచే తీసుకుంటాయి, బయటి లైను మీద ఒత్తిడి తగ్గుతుంది.

ఏది తాగేస్తోందో తెలియకపోతే స్టార్ట్ మెనూలో రిసోర్స్ మానిటర్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్ చూడండి. పంపింది, అందుకున్నది ప్రోగ్రాము వారీగా కనిపిస్తుంది. 'పంపింది' వరుసను తప్పకుండా చూడండి.

ఫోన్లో నాలుగు చోట్లు: వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లి ఫొటోలు, వీడియోల ఆటో డౌన్‌లోడ్ తీసేయండి. ప్లేస్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆపి చేత్తో చేసుకోండి. గూగుల్ ఫొటోస్ బ్యాకప్ పగలు ఆపండి. యూట్యూబ్‌లో డేటా సేవర్ పెట్టండి. ఫోను తెర మీద 480కీ 1080కీ తేడా వెతుక్కోవాలి, లైను మీద తేడా మాత్రం కొన్ని రెట్లు. ఆండ్రాయిడ్‌లో మొత్తం డేటా సేవర్ కూడా ఉంది. ఆన్ చేస్తే వెనక నడిచే యాప్‌లకి డేటా అందదు. బ్యాంకు, వాట్సాప్‌లకి మినహాయింపు ఇవ్వడం మరిచిపోతే సందేశాలు ఆలస్యమవుతాయి, అది చూసి నెట్ పోయిందనుకుంటారు.

వంతులు వేయడం

అసలు లాభం ఇక్కడ ఉంది, పట్టించుకునేది తక్కువమంది.

ఇంట్లో ఒకరు పెళ్లి ఫొటోలు ఎక్కిస్తున్నారనుకోండి. అప్‌లోడ్ 512 కేబీపీఎస్, అంటే సెకనుకి 64 కిలోబైట్లు. మోడెం లోపల దారి దొరకని ప్యాకెట్లు (డేటా చిన్న ముక్కలు) నిలబడే చోటు ఉంటుంది. అది 256 కిలోబైట్లు పడుతుందనుకుంటే, ఫొటోలు దాన్ని నింపేశాక వచ్చిన ఏ చిన్న ప్యాకెట్టయినా 4 సెకన్లు వరుసలో నిలబడాలి. యూపీఐ చెల్లింపు, కాల్‌లో మాట, "ఈ ముక్క అందింది, తర్వాతది పంపు" అని చెప్పే రసీదు, అన్నీ ఆ వరుసలోనే. రసీదులు ఆలస్యమైతే డౌన్‌లోడ్ కూడా పడిపోతుంది. లైను పాడవలేదు, ఎద్దుబళ్ల వెనక అంబులెన్స్ ఇరుక్కుంది, అంతే.

ఇది మీ ఇంట్లో ఉందో లేదో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. ఏ పనీ లేనప్పుడు 8.8.8.8కి పింగ్ (విండోస్‌లో ఆగకుండా నడవాలంటే చివర -t కలపాలి) నడిపి అంకె రాసుకోండి, 40 అనుకుందాం. పింగ్ ఆపకుండానే ఫోన్లోంచి ఒక పెద్ద వీడియోను డ్రైవ్‌కి ఎక్కించండి. 40 కాస్తా 60, 70 అయితే ఫరవాలేదు. 600, 1500 అయిందా, జబ్బు అదే.

మందు పేరు ఎస్‌క్యూఎం, అంటే ప్యాకెట్ల వరుసను తెలివిగా నడిపే పద్ధతి. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అనే ఉచిత రౌటరు సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతుంది. కంపెనీ ఇచ్చిన ఫైబరు పెట్టెను ముట్టుకోవద్దు. దాని వెనక మీ సొంత రౌటరు పెట్టి, దానిలోనే ఈ పని చేయాలి. రౌటరు కొనేముందు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి జాబితాలో మోడల్ పేరుతో పాటు వెర్షన్ నంబరూ సరిపోవాలి. ఆ నంబరు అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. ఒకే పేరుతో అమ్మే రౌటర్లలో వెర్షన్ మారితే లోపలి చిప్పే మారిపోతుంది. తప్పు ఫైలు ఎక్కిస్తే రౌటరు ఇటుకే. 4 ఎంబీ ఫ్లాష్ (సాఫ్ట్‌వేర్ దాచుకునే చోటు) ఉన్న పాతవాటిని వదిలేయండి. ఫైలు ఎక్కించేటప్పుడు వైఫై కాదు, లాన్ కేబులే వాడాలి. కరెంటు పోయే వేళ అయితే ఇన్వర్టర్ మీద పెట్టుకోండి.

ఎక్కాక సిస్టమ్ మెనూలో సాఫ్ట్‌వేర్ పేజీకి వెళ్లి, ఎస్‌క్యూఎం అని వెతికి, లూసీ యాప్ పేరుతో ఉన్న ప్యాకేజీ వేసుకోండి. నెట్‌వర్క్ మెనూలో ఎస్‌క్యూఎం కనిపిస్తుంది. ఇంటర్‌ఫేస్ దగ్గర బయటి లైను వచ్చేదాన్ని, అంటే వాన్‌ను ఎంచుకోవాలి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే కనెక్షనయితే పీపీపీఓఈ వాన్. క్యూ రకం 'కేక్', స్క్రిప్ట్ 'పీస్ ఆఫ్ కేక్'.

ఇక అంకెలు. రద్దీ వేళ కొలిచిన వేగంలో 85 శాతం ఇవ్వండి. 10 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, 2 అప్‌లోడ్ వస్తుంటే 8500, 1700. ఈ గడులు కిలోబిట్లలో ఉంటాయి. 10 అని కొట్టారంటే ఇంటిల్లిపాదికీ 10 కేబీపీఎస్సే మిగులుతుంది. 0 అని కొడితే ఆ వైపు వంతులు లేనట్టే. 15 శాతం ఎందుకు వదులుకోవాలంటే, వరుస కంపెనీ మోడెంలో కాకుండా మీ రౌటర్లో ఏర్పడాలి. మీ రౌటర్లో అయితేనే ఎవరిని ముందు పంపాలో మీరు చెప్పగలరు. సేవ్ చేసి మళ్లీ అదే వీడియో పరీక్ష చేయండి. పింగ్ మొదటి అంకె మీద 30 దాటకపోతే రెండు గడుల్లో 5 శాతం చొప్పున పెంచుతూ పోండి. పింగ్ ఎగిరిన దగ్గర ఆగి, ఒక మెట్టు వెనక్కి రండి.

లైను 4జీ అయితే ఒక చిక్కుంది. వేగం గంటగంటకీ మారుతుంది కాబట్టి స్థిరమైన అంకె కుదరదు. తక్కువ పెడితే తెల్లవారుజామున వచ్చే మంచి వేగం వృథా, ఎక్కువ పెడితే రాత్రి పనిచేయదు. దీనికోసమే కేక్ ఆటోరేట్ అనే స్క్రిప్ట్ ఉంది, ఆలస్యం చూసుకుంటూ పరిమితిని తనే జరుపుతుంది. అంత ఓపిక లేకపోతే అప్‌లోడ్ వైపు మాత్రం రాత్రి కొలిచిన అంకెలో 80 శాతం పెట్టి, డౌన్‌లోడ్ గడిలో 0 ఉంచండి. సగం బాధ తీరుతుంది.

కొత్త రౌటరు కొనలేనివాళ్లు పాత టీపీలింక్ లాంటివాటిలో ఉండే బ్యాండ్‌విడ్త్ కంట్రోల్‌తో ఒక్కో పరికరానికి గరిష్ఠం కట్టవచ్చు. మొరటు పద్ధతే గానీ, ఏమీ లేనిదానికంటే నయం.

డిఎన్ఎస్, బ్రౌజర్

డిఎన్ఎస్ మారిస్తే వీడియో బేగి రాదు. పేజీ తెరుచుకునే ముందు వచ్చే తడబాటు మాత్రం తగ్గవచ్చు. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డిఎన్ఎస్ గడి ఉంది. అందులో అంకెలు పనిచేయవు, పేరే ఇవ్వాలి. క్లౌడ్‌ఫ్లేర్‌కి వన్ అనే ఇంగ్లీషు మాట నాలుగుసార్లు, మధ్యమధ్య చుక్కలతో. గూగుల్‌కి డిఎన్ఎస్, చుక్క, గూగుల్. మార్చాక యూట్యూబ్ మునుపటికంటే నెమ్మదిస్తే వెనక్కి మార్చేయండి. కొన్నిసార్లు బయటి డిఎన్ఎస్ మిమ్మల్ని దూరపు సర్వర్‌కి పంపుతుంది.

ప్రకటనలు ఆపడం డిఎన్ఎస్‌కంటే చాలా ఎక్కువ పనిచేస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో యుబ్లాక్ ఆరిజిన్ వేసుకోండి, ఫోన్ ఫైర్‌ఫాక్స్‌లోనూ నడుస్తుంది. వార్తల పేజీల్లో తేడా కంటికే కనిపిస్తుంది. ప్రభుత్వ సైట్లో బటన్ పనిచేయకపోతే ఆ ఒక్క సైట్‌కి దాన్ని ఆపండి. ఒపేరా మినీ పేజీలను తన సర్వర్లో కుదించి పంపుతుంది, చదవడానికి భేషుగ్గా ఉంటుంది. పేజీ వాళ్ల సర్వర్లో విప్పుకుంటుంది కాబట్టి ఎక్స్‌ట్రీమ్ మోడ్‌లో బ్యాంకు పనులు వద్దు. క్రోమ్‌లో ఇలాంటి లైట్ మోడ్ ఉండేది, 2022లో తీసేశారు. దాన్ని వెతుకుతూ పాత ఏపీకేలు (బయట దొరికే యాప్ ఫైళ్లు) వేసుకోకండి.

పెద్ద ఫైళ్లను బ్రౌజర్‌తో దించవద్దు. 90 శాతం దగ్గర తెగితే మళ్లీ మొదటికి రావచ్చు. ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్ లాంటివి, సర్వర్ ఒప్పుకుంటే, ఆగిన చోట నుంచి అందుకుంటాయి. ప్యాకెట్లు రాలే లైను మీద ఒకే ఫైలుని నాలుగు ముక్కలుగా లాగితే కొంత బేగి దిగుతుంది కూడా, ఎందుకంటే ప్యాకెట్ రాలిన ప్రతిసారీ నాలుగింటిలో ఒక్కటే వేగం తగ్గించుకుంటుంది. పదహారు ముక్కలు పెడితే ఇంట్లో మిగతావాళ్ల నోట్లో మట్టి. రాత్రి 2 నుంచి 5 వరకు షెడ్యూలు పెట్టి పడుకోండి. కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లకుండా పవర్ సెట్టింగ్ మార్చడం మరవద్దు.

కొండ పక్క, తోట మధ్య

మందస కొండల కింద గానీ ఉద్దానం కొబ్బరితోటల్లో గానీ 4జీ మీదే ఆధారపడేవాళ్లు సిగ్నల్ గీతలను నమ్మకండి. నెట్‌మాన్‌స్టర్ యాప్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంకె, అంటే సిగ్నల్ బలం చూడండి. మైనస్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత బలం. మైనస్ 90 లోపు బాగు, మైనస్ 110 దాటితే కష్టం. ఫోను చేత్తో పట్టుకుని కిటికీ కిటికీకీ తిరిగితే 10, 15 తేడా దొరుకుతుంది. 2300 మెగాహెర్ట్జ్ వంటి పై బ్యాండ్లు తడిసిన ఆకుల్లోంచి వచ్చేసరికి బలహీనపడతాయి, 850 మెరుగ్గా వస్తుంది. వాన రోజు వేగం పడిపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఇచ్ఛాపురం వైపు ఫోను ఒడిశా టవరును పట్టుకుని ఊగిసలాడుతుంటే టవరు ఐడీ మారుతూ కనిపిస్తుంది. అప్పుడు ఫోనును ఊరి టవరు వైపు కిటికీలో పెట్టి, హాట్‌స్పాట్ బదులు యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలపండి. 4జీ మాత్రమే అని కట్టేసే సెట్టింగు వాడితే వోల్టీ (4జీ మీద కాల్) లేని సిమ్‌కి కాల్స్ రావు, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లో అది చేయవద్దు.

ఫైబరు ఉన్నవాళ్లకి ఒక్క అంకె చాలు. పెట్టె అడ్మిన్ పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ అని ఉంటుంది, అంటే పెట్టెకి అందే కాంతి బలం. మైనస్ 15 నుంచి మైనస్ 25 దాకా ఉంటే మంచిదే. మైనస్ 27 దాటితే లైను తెగుతూ కలుస్తూ ఉంటుంది, పైన చెప్పిన ఏ సెట్టింగూ పనికిరాదు. స్తంభాల మీద వేలాడే తీగ ఎక్కడో వంగింది, లేదా కనెక్టర్లో దుమ్ము చేరింది. ఆ పేజీని ఫొటో తీసి, తేదీ, టైముతో కేబుల్ ఆపరేటర్‌కి పంపండి. "నెట్ స్లో" అంటే రేపొస్తామంటారు, "ఆర్‌ఎక్స్ మైనస్ 29 ఉంది" అంటే నిచ్చెన తీసుకుని వస్తారు.