యాక్సిడెంట్ అయ్యాక డ్రైవర్ ఏం చేయాలి: మొదటి నిమిషం నుంచి చివరి వాయిదా దాకా

22 ఏళ్లు లారీ నడిపాను. ఇప్పుడు కొత్తగా స్టీరింగ్ పట్టేవాళ్లకి నేర్పుతున్నాను. క్లచ్, గేర్లు రెండు వారాల్లో వచ్చేస్తాయి. బండికి మనిషి తగిలితే ఏం చేయాలన్నది మాత్రం ఏ క్లాసులోనూ చెప్పరు, నేర్చుకునేవాళ్లూ అడగరు. నాకు 2009లో ఆ రాత్రి ఎదురయ్యేదాకా నేనూ ఎవరినీ అడగలేదు.

హైవే మీద ఊళ్లోకి తిరిగే దారి దగ్గర, నా ముందు ఒక బైకు మెల్లగా కుడివైపుకు జరుగుతోంది. అతను తిరిగేలోపు దాటేయొచ్చనుకున్నాను. దాటలేకపోయాను. బ్రేకు మీద నిలబడ్డా బండి ఇంకో ఇరవై అడుగులు జారి ఆగింది. క్లీనర్ కుర్రాడు వణుకుతూ, "అన్నా, ఎవరూ చూళ్లేదు, పోనీ" అన్నాడు. నేను దిగాను. బైకు పక్కకి పడి ఉంది. దాని కుడివైపు ఇండికేటర్ ఇంకా వెలుగుతూ ఆరుతూ ఉంది. అంటే అతను చెప్పే తిరిగాడు, చూసుకోనిది నేనే. ఆ చిన్న పసుపు లైటు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంటుంది.

ముందు బండి ఆపండి. ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో పెట్టుకుని, నాలుగు ఇండికేటర్లూ వేయండి. రాత్రిపూట హైవే మీద పెద్ద ప్రమాదం వెనక నుంచి వచ్చే రెండో బండి. పడ్డ మనిషి చుట్టూ జనం మూగుతారు, వాళ్ల మీదికే ఇంకో లారీ వచ్చేస్తుంది. అందుకని ఎవరో ఒకరిని టార్చి ఇచ్చి వెనక్కి పంపండి. ఎర్ర రిఫ్లెక్టర్ ట్రయాంగిల్ ఉంటే బాగా దూరంగా పెట్టండి. మలుపు ఉంటే మలుపుకి అవతల పెట్టాలి, ఇవతల పెడితే ఉపయోగం లేదు.

వెంటనే 108కి ఫోన్ చేయండి. పోలీసులకి 112. జాతీయ రహదారి అయితే 1033 కూడా ఉంది. చోటు చెప్పేటప్పుడు కిలోమీటరు రాయి మీద నంబరు చెబితే వాళ్లు తడుముకోకుండా వస్తారు.

దెబ్బ తిన్న మనిషిని చేతులు పట్టి లాగొద్దు. మెడకో నడుముకో దెబ్బ తగిలి ఉంటే ఆ లాగుడుకే జీవితాంతం మంచం పట్టొచ్చు. హెల్మెట్ కూడా ఊపిరి అందకపోతే తప్ప పీకొద్దు. రక్తం కారుతున్నచోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి. నోట్లో నీళ్లు పోయొద్దు. ఆ రాత్రి ఎవరో మంచి మనసుతోనే బాటిల్ తెచ్చి పోశారు, అతనికి పొలమారి ఊపిరి ఆడలేదు. పక్కకి తిప్పి పట్టుకునేసరికి నా ప్రాణం పోయినంత పనయింది.

ఇక్కడ చట్టం మాట చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 134 ప్రకారం గాయపడ్డ మనిషికి వైద్యం అందేలా చూడటం డ్రైవర్ బాధ్యత. పోలీసులు అక్కడ లేకపోతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోపు, దగ్గరి స్టేషన్‌కి వెళ్లి చెప్పాలి. ఇది చేయకపోతే సెక్షన్ 187 కింద 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. యాక్సిడెంట్‌లో మీ తప్పు లేకపోయినా, పారిపోతే ఈ తప్పు మీదే.

"ఆగితే జనం చంపేస్తారు కదా సార్" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరైనా అంటారు. ఆ భయం నిజమే, తీసిపారేసేది కాదు. చట్టం రాసినవాళ్లకీ అది తెలుసు. జనం ఆగ్రహం వల్ల ఆసుపత్రికి తీసుకెళ్లడం కుదరకపోతే ఆ ఒక్క బాధ్యతకి సెక్షన్ 134లోనే మినహాయింపు ఉంది. చేతులు లేస్తున్నాయనిపిస్తే అక్కణ్నుంచి తప్పుకుని 112కి ఫోన్ చేసి, నేరుగా స్టేషన్‌కి వెళ్లండి. దారిలో ఇంటికి, ఓనర్ దగ్గరికి వెళ్లొద్దు. స్టేషన్‌కి వెళ్తే దాన్ని పారిపోవడం అనరు. ఫోన్ చేసిన టైము మీ కాల్ లిస్టులో ఉంటుంది, దాన్ని చెరపొద్దు. నా విషయంలో ఒక పెద్దాయన అడ్డం నిలబడి, "ఆగినోణ్ని కొట్టకండ్రా" అన్నాడు. దెబ్బ తిన్న బైకు మనిషిని ఆటోలో ఎక్కించి నేనూ అందులోనే ఎక్కాను. అతని కాలు నా ఒళ్లో ఉంది.

2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. నిర్లక్ష్యంతో మనిషి చావుకి కారణమైతే పాత 304ఏ కింద రెండేళ్ల దాకా ఉండే శిక్ష, ఇప్పుడు సెక్షన్ 106(1) కింద అయిదేళ్ల దాకా పెరిగింది, జరిమానా అదనం. ర్యాష్‌గా నడిపినందుకే సెక్షన్ 281 కింద 6 నెలల దాకా పడొచ్చు. ఎముకలు విరిగేంత దెబ్బ తగిలితే 125(బి) కింద మూడేళ్ల దాకా. చెప్పకుండా పారిపోతే పదేళ్లు అనే 106(2) మీద 2024 జనవరిలో డ్రైవర్లు బళ్లు ఆపేసి నిరసన చేశారు, మిగతా చట్టం వచ్చినా దాన్ని మాత్రం అమల్లోకి తేలేదు. ఇది విని "అయితే పారిపోవచ్చు" అనుకునేవాళ్లని చూశాను. పైన చెప్పిన 134, 187 ఎక్కడికీ పోలేదు.

డేంజరస్ డ్రైవింగ్ అంటే వందలో దూసుకుపోవడం ఒక్కటే కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద రెడ్ సిగ్నల్ దాటడం, చేతిలో ఫోన్ పట్టుకుని నడపడం, రాంగ్ రూట్‌లో రావడం, అడ్డదిడ్డంగా ఓవర్‌టేక్ చేయడం అన్నీ వస్తాయి. మొదటిసారికే 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో వచ్చే బైకు కుర్రాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

తాగి నడిపితే నేను చెప్పే జాగ్రత్తలేవీ మిమ్మల్ని కాపాడలేవు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే అదే చట్టం సెక్షన్ 185. ఊదనని మొండికేస్తే, ఆ మొండికేయడాన్నే కోర్టులో మీకు వ్యతిరేకంగా చూపిస్తారు. తాగి మనిషిని చంపినప్పుడు కేసు 106తో ఆగకపోవచ్చు. న్యాయ సంహిత సెక్షన్ 105 (హత్య కాని ప్రాణహరణం) పెడితే పదేళ్ల మాట.

బళ్లు కదిలించేలోపు ఫోన్‌లో ఫొటోలు తీయండి. బండి ఎక్కడుంది, టైరు గుర్తులు ఎంత దూరం ఉన్నాయి, వీధి లైట్లు వెలుగుతున్నాయా, రోడ్డు మీద గుంతో ఇసుకో ఉందా. గాయపడ్డ మనిషి ముఖం మాత్రం తీయకండి. డ్యాష్‌క్యామ్ ఉంటే కార్డు అలాగే భద్రపరచండి. మీకు వ్యతిరేకంగా ఉందని చెరిపేస్తే సాక్ష్యం మాయం చేసిన కేసు ఇంకోటి మొదలవుతుంది. తర్వాత పోలీసులు పంచనామా చేసి స్కెచ్ వేస్తారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి బండి చూసి రిపోర్టు ఇస్తాడు. ఆ రిపోర్టు రాకముందు బంపర్ కూడా బాగుచేయించొద్దు.

ఓనర్లు కొందరు ఇంకో డ్రైవర్‌ని తెచ్చి, "వీడు నడిపాడని చెబుదాం, వీడికి లైసెన్స్ ఉంది" అంటారు. ఒప్పుకోకండి. టోల్‌గేట్ కెమెరా, ఫోన్ టవర్, ఆసుపత్రి రిజిస్టర్ మూడూ మాట్లాడతాయి. నిర్లక్ష్యం కేసు కాస్తా మోసం కేసవుతుంది. తప్పు చేయని ఇంకో మనిషి జీవితం కూడా అందులో ఇరుక్కుంటుంది.

స్టేషన్‌లో పేరు, లైసెన్స్, బండి కాగితాలు, ఎక్కడ ఎప్పుడు జరిగింది, ఇవి చెప్పి తీరాలి. మీ తప్పు మీ నోటితో ఒప్పుకోమని మిమ్మల్ని బలవంతపెట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు, రాజ్యాంగం 20(3) అధికరణం అదే చెబుతుంది. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయసేవల సంస్థ నంబరు 15100కి ఫోన్ చేయండి. న్యాయ సంహిత 106(1) బెయిలబుల్ నేరమే, అంటే బెయిల్ హక్కుగా వస్తుంది, కాబట్టి జైలు భయంతో ఊళ్లు తిరగాల్సిన పని లేదు.

ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పడం కూడా సెక్షన్ 134లో ఉన్న బాధ్యతే. పాలసీ నంబరు, జరిగిన రోజు, టైము, చోటు, దెబ్బతిన్నవాళ్ల వివరాలు, డ్రైవర్ లైసెన్స్ వివరాలు రాసివ్వాలి. దీన్ని చిన్నచూపు చూడొద్దు, ఎందుకో లెక్క చెబుతాను. చనిపోయింది 30 ఏళ్ల మనిషి అనుకుందాం, సొంత పని చేసుకుని నెలకి 20,000 సంపాదించేవాడు, భార్య, ఇద్దరు పిల్లలు. కుటుంబానికి రావాల్సిన పరిహారం ఇలా లెక్క కడతారు. ఏడాదికి 2,40,000. తన ఖర్చు కింద మూడో వంతు తీసేస్తే 1,60,000. ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 2,24,000. దాన్ని వయసుని బట్టి ఒక సంఖ్యతో గుణిస్తారు, ఆ వయసుకి సుప్రీంకోర్టు చెప్పిన గుణకం 17. మొత్తం 38,08,000. థర్డ్ పార్టీ పాలసీ ఉంటే కంపెనీ కడుతుంది. పాలసీ లేకపోతే అది ఓనర్ మీద, డ్రైవర్ మీద పడుతుంది. లైసెన్స్ లేకుండా నడిపితే కంపెనీ కట్టి మరీ ఓనర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. అమ్మేసిన బండి ఇంకా మీ పేరు మీదే ఉంటే, సీ-బుక్ ఈ వారమే మార్పించండి. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్ అని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

పెద్దమనుషుల్లో కూర్చుని డబ్బు ఇచ్చేస్తే కేసు పోతుందనుకోకండి. మనిషి చనిపోయిన కేసుని రాజీతో మూసేసే వీలు కింది కోర్టుకి లేదు. సాయం చేయాలనిపిస్తే చేయండి, కానీ దాన్ని కేసుతో ముడిపెట్టకండి.

ఇక వాయిదాలు. ఒక్కటి కూడా తప్పకండి. రాలేకపోతే ముందే లాయర్‌తో పిటిషన్ వేయించండి, లేకపోతే వారంట్ వస్తుంది. నా కేసు నాలుగేళ్లు నడిచింది. ఆ బైకు మనిషి చేతికర్రతో వచ్చి బోనులో నిలబడ్డాడు. అంతకు ముందు రోజు మా లాయర్ నాతో, "ఇండికేటర్ వేయలేదు కదా అని అడుగుతాను, రాత్రిపూట, ఎవరూ రుజువు చేయలేరు" అన్నాడు. ఆ ప్రశ్న వద్దన్నాను. జరిమానా పడింది, కట్టాను. బయటికొచ్చాక మెట్ల దగ్గర అతను దిగలేక ఆగితే చెయ్యి ఇచ్చాను, పట్టుకుని దిగాడు.